చెవిన పడని చావు

“సెప్పకు,” అంది గంగ.

కనక ఇంకా నోరు తెరవనే లేదు. అరుగు మీద విడిగా మూడు రాళ్ళు పేర్చుకుని, కొత్త కుండలో తనొక్కదానికి సరిపడా సామలు కడుగుతోంది. తోటికోడలు వచ్చి ఎదురుగా నిలబడితే తలెత్తి చూసింది, అంతే.

“నానేటీ అననేదు గదక్కా!”

“అనబోతన్నావు. నీ మొకం సూత్తే తెలీదేటి? సోమారం పోస్టుమేనొచ్చెల్లిన కాడినుంచి ఆ మాట నీ నోటి సివరే ఉన్నాది. మింగీ. రేపు పండగ బుట్ట గద్దె ఎక్కినాక ఎంతసేపు ఏడుత్తావో ఏడు, నానూ నీతో ఏడుత్తాను.”

సోమవారం వచ్చిన ఆ ఉత్తరం నార్వే దేశం నుంచి. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగేది ఊరి బడి టీచరు కనక ఒక్కతే. పెరట్లో కాఫీ మొక్కల మధ్య నిలబడి చదువుకుంది. మడిచి రవికలో పెట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా గెడ్డకు వెళ్ళి తలమీదుగా మునిగి, తడిబట్టలతో వచ్చి అరుగు మీద కూర్చుంది. అప్పటినుంచి నూనె ముట్టలేదు, దేవుడి గదివైపు చూడలేదు, ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టలేదు.

ఇంతకన్నా ఏం చెప్పాలి? ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. కాని ఎవరూ వినలేదు. విశాఖపట్నం పైనున్న ఆ కొండల్లో మైల కంటికి అంటదు, చెవికి అంటుతుంది. చనిపోయారన్న మాట ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి, అది చెవిన పడాలి. పడిన ఘడియ నుంచి పది రోజులు ఆ ఇల్లు మైల. పడనంతవరకు ఏ మైలా లేదు. అందుకే రెండు రోజులుగా ఆ ఇంట్లో కనక నోరు తెరిస్తే చాలు, ఒకరు దగ్గుతారు, ఒకరు కోడిని అదిలిస్తారు, ఒకరు పనికట్టుకుని చెంబు కింద పడేస్తారు. పెద్దవాళ్ళు ఇంత చిన్నపిల్లల్లా ఆడగలరని కనక ఎప్పుడూ అనుకోలేదు.

“అక్కా, పొద్దున్న నీల్లకాడ నన్ను సూసి ఆడోల్లు పక్కకి జరిగినారు. ఎందుకు?” అంది కనక.

గంగ కొంగు సర్దుకుంది.

“అడిగితే ఏదోటి సెప్పాలి గదే. నువ్వు బయట సేరినావని సెప్పినాను.”

కనక చేతిలోని కుండ ఆగిపోయింది.

“ఏటన్నావు?”

“తప్పేటి? మూడు రోజులు. రేపటికి సరిపోతాది. ఇడిగా వండుకున్నా, అరుగు మీద పడుకున్నా ఎవులూ ఏటీ అనరు.”

“నా నేస్తం...”

“సెప్పకు!” గంగ రెండు చెవులూ మూసుకుంది.

“సెప్పను లే. సెవులు ఇప్పుకో. నా కడుపు మండిపోతాంది, అక్కా. ఇరవయ్యొక్క ఏళ్ళ నేస్తం. దానికోసం నాను కూకుంటే, నువ్వెల్లి నాకు ముట్టు అని ఊరికి సాటినావు!”

గంగ లోపలికి వెళ్ళిపోయింది. తప్పు చేశానని ఆమెకు తెలుసు. తెలిసినా దిద్దుకోదు, అదీ ఆమెతో వచ్చిన చిక్కు.

*

నేస్తం కట్టుకోవడమంటే స్నేహం చేయడం కాదు. స్నేహం ఎవరైనా చేస్తారు. పసుపు రాసుకుని, ఒకరి దోసిట్లో ఒకరు బియ్యం పోసి నేస్తం కట్టుకున్నాక ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు. చచ్చేదాకా ‘నేస్తం’ అనే పిలవాలి. ఆ ఇంట్లో పురుడైనా, చావైనా ఈ ఇంటికీ అంతే. కనక ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఆ పేరు పలకలేదు కాబట్టి మనమూ పలకొద్దు.

పంతొమ్మిదివందల అరవై ఏడులో, విశాఖపట్నంలో కాలేజీ చదువుతుండగా, ఒక ఏడాది నార్వే పిల్లలు ఇక్కడ, ఈ దేశపు పిల్లలు అక్కడ చదివే పథకంలో కనకను పంపించారు. కొండపిల్ల కదా అని అక్కడా కొండల్లోనే ఒక పాడిరైతు ఇంట్లో పెట్టారు. ఆ ఇంటి కూతురుతో నేస్తం కట్టింది. బయట నడుములోతు మంచు. అందుకని పశువుల సాలలో, వంటింటి బియ్యంతో, జలుబు చేస్తే వాడుకోమని తల్లి మూటగట్టిచ్చిన పసుపుతో.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దబావ వరహాలు వచ్చాడు. కనక మొగుడు సోంబరుకు అన్న, గంగకు మొగుడు, ఇంటికి పెద్ద. ఎలుగుబంటి పీకిన ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, అరుగుకు రెండు బారల దూరంలో పీట వేయించుకున్నాడు. మైల లేదనే మనిషి అంత దూరం ఎందుకు కూర్చున్నాడో ఆయన్నే అడగాలి.

“కనకా, కోపం ఎట్టుకోకు. రేపేటి పండగ?”

“ఇటికల పండగ.”

“ఇత్తనాల బుట్ట ఏ ఇంట్లోంచి లెగుత్తాది?”

“మనింట్లోంచే.”

“మా తాత మోసేడు. మా అయ్య మోసేడు. నాను పన్నెండేళ్ళు మోసేను. ఈ కాలు పోనాక తమ్ముడు మోత్తన్నాడు. రేపు ఈ ఇల్లు మైలంటే, కింద ఈది సుక్రు బుజం తడుముకుని నిలబడ్డాడు. ఒకపాలి ఆడి నెత్తికెక్కితే బుట్ట మల్లీ మనింటికి రాదు. అది నీకూ తెలుసు.”

తెలుసు. ఊళ్ళో ఏ పోడులో ఏ గింజ పడాలన్నా ముందు ఆ బుట్టలోని చోళ్ళు, సామలు, కందులు శంకుదేవుడి గద్దె మీద పెట్టి పంచాలి. ఆ ఇంటికి వేరే ఆస్తి ఏదీ లేదు, ఆ గౌరవమే ఆస్తి. కనక కాదనలేకపోయింది.

“అయినా నాకు తెలీక అడుగుతాను,” అన్నాడు వరహాలు, ఆమె మెత్తబడిందనుకుని. “అది నేస్తమేటి? పెద్దలు నేరు, డప్పు నేదు. ఆ గుంట అయ్య ఒకడు, పదకొండు ఆవులు. ఆవుల్ని సాచ్చికం ఎట్టి కట్టిన నేస్తానికి ఎవులైనా మైల పడతారేటి?”

“ఆవులు నయం బావా. ఇన్నదాన్ని ఇననేదని అనవు.”

లోపల ఎవరో నవ్వి ఆపుకున్నారు. వరహాలు మొహం ముడుచుకుంది.

“మా అమ్మ పోయినప్పుడు నాను దానికి ఉత్తరం రాసేను,” అంది కనక. గొంతు పెంచలేదు. “ఆల్లింట్లో ఎన్న తీసి అమ్ముతారు. ఎన్న లేకుండా ముద్ద దిగదు ఆల్లకి. పది రోజులు ఎన్న ముట్టలేదది. ఆ సలిలో సన్నీల్లు తలమీద పోసుకుంది. ఆల్ల చర్చి ఫాదరు పిలిచి, నువ్వు మతం మారినావా అనడిగేడట. నా నేస్తం తల్లి పోయింది అని సెప్పి ఒచ్చీసింది. ఊరు నవ్వితే నవ్వనిచ్చింది. దేశం కాని దేశంలో అది సేసింది బావా. నా ఊర్లో, నా ఇంట్లో నాను సెయ్యకూడదేటి?”

“సెయ్యొద్దని ఎవులన్నారు? రెండు పూటలు ఆగమన్నాను. రేపు బుట్ట గద్దె ఎక్కనీ. ఎల్లుండి నువ్వు సెప్పు, నాను ఇంటాను. ఇంటిల్లిపాదీ గెడ్డలో మునుగుదాం. గుండు కూడా కొట్టించుకుంటాను, సాలా?”

మాట మంచిదే. అదే కనకకు ఊపిరాడనివ్వలేదు. చెడ్డగా మాట్లాడితే తిరగబడొచ్చు. ఇలా ఒద్దికగా, చావును కూడా రెండు రోజులు వాయిదా వేసేవాళ్ళతో ఎలా పోట్లాడాలి?

“సరే బావా. నా అంతట నాను సెప్పను,” అంది చివరికి. “కానీ ఎవులైనా నన్నడిగితే అబద్దం ఆడను.”

“నిన్నెవులు అడుగుతారు?” అన్నాడు వరహాలు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని లేస్తూ.

*

కనక లొంగిపోయింది మొగుడి కోసం. సోంబరు పండగ కోసం తొమ్మిది రోజులుగా ఒంటిపూట తింటున్నాడు. రేపు ఆ బుట్ట నెత్తిన పెట్టుకున్నాక గద్దె దాకా దించకూడదు. దించితే ఆ ఏడు విత్తనం మొలవదని నమ్మకం.

పొద్దు వాలుతుండగా వెదురు బద్దలు భుజాన వేసుకుని వచ్చాడు. అరుగు చివర కూర్చుని బుట్ట అంచు బిగించడం మొదలుపెట్టాడు. సోంబరు మాటల మనిషి కాడు. పెళ్ళైన కొత్తలో కనక అది నెమ్మదితనం అనుకుంది. తర్వాత మొండితనం అనుకుంది. ఇప్పుడు పిరికితనమేమోనని భయం వేసింది.

“నీకు తెలుసా?” అంది.

“ఏటి?”

“ఏటో.”

బద్ద చీరిన చప్పుడు.

“నువ్వు సెప్తే తెలుత్తాది,” అన్నాడు.

“సెప్పమంటావా?”

సోంబరు అంచు తిప్పుతున్నాడు. మూడు చుట్లు తిప్పాడు. కనక లెక్కపెట్టింది.

“రేపు బుట్ట ఉన్నాది గదా,” అన్నాడు.

 అన్న అన్నాడంటే సరే. గంగక్క అందంటే సరే. ఇతనెలా అనగలిగాడు? తొమ్మిదేళ్ళ కిందట నేస్తం ఈ ఊరు వచ్చి నలభై రోజులు ఈ ఇంట్లోనే ఉంది. నేస్తం మొగుడు కూడా నేస్తమే కాబట్టి సోంబరును ‘నేస్తం, నేస్తం’ అంటూ, వచ్చీరాని తెలుగులో వెంటబడి నాగలి పట్టడం నేర్చుకుంది. మొదటిరోజే బురదలో బోర్లా పడింది. ఈ మాటలు రాని మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. పెళ్ళయ్యాక అతను అలా నవ్వగా కనక చూడటం అదే మొదలు.

“అది నీకూ నేస్తమే,” అంది కనక. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

సోంబరు బుట్ట పక్కన పెట్టి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఇటు తిరక్కుండానే అడిగాడు.

“సోమారం గెడ్డలో నీల్లు సల్లగున్నాయేటి?”

“ఉన్నాయి.”

తల ఊపి లోపలికి వెళ్ళాడు. ఆ ప్రశ్నను ఏం చేసుకోవాలో కనకకు తెలియలేదు.

కాసేపటికి అత్త సోములమ్మ వచ్చింది. పెద్దకొడుకులా దూరం పాటించలేదు. కోడలి మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది.

“తగులుతన్నావత్తా,” అంది కనక.

“తగలనీ. నాను సెప్పేదేటీ నేదు. సెప్పించుకోడానికీ రానేదు.” ముసలామె పొగాకు తుంపు నోట్లో పెట్టుకుంది. “మాడుగుల దగ్గిర నాకో నేస్తం ఉండేది. మీ పెద్దబావ పెల్లినాడే కబురొచ్చింది. తెచ్చినోడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆడు సెప్పేలోగా మీ మామ ఆడికి కల్లు పోసి, పందిట్లో కూకోబెట్టీసేడు. పెల్లయ్యాక సెప్పేడాడు. అప్పుడు ఇన్నాను.”

“ఇన్నాక మైల పట్టేవా?”

“పట్టేను. పదిరోజులూ పట్టేను. కానీ ఏడుపు రానేదే అమ్మా. పందిట్లో నవ్వుతా తిరిగినాను గదా, అక్కడే ఐపోనాది నా ఏడుపు.”

ముసలామె చీకటి పడకముందే లేచి వెళ్ళింది. కనక రవికలోంచి ఉత్తరం తీసి మళ్ళీ చదివింది. నేస్తం కూతురు రాసింది, పదహారేళ్ళది. ‘చుట్టాలకన్నా ముందు మీకు రాయమని అమ్మ మరీమరీ చెప్పింది. మీకు అక్కడ చేయవలసిన పని ఉంటుందట. అదేమిటో నాకు తెలియదు. మీరు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరని మాత్రం అమ్మ చెప్పింది.’

*

తెల్లారేసరికి వాకిలి నిండా జనం. కొత్త పంచె, నెత్తిన తలపాగా చుట్టుకుని సోంబరు గడప లోపల నిలబడ్డాడు. నలుగురు పట్టి బుట్ట ఎత్తారు. వరహాలు తన చేత్తో దాన్ని తమ్ముడి నెత్తిన సరిచేసి, కాలి నొప్పి మరిచిపోయి వెనక్కి రెండడుగులు వేసి చూసుకున్నాడు. ఆ మొహంలో ఆనందం చూస్తే కనకకు కూడా జాలి వేసింది. పోనీలే అనుకుంది. అరుగు మూల గోడకు ఆనుకుని, తల దించుకుని నిలబడింది. డప్పులు మోగాయి. బుట్ట గడప దాటింది.

కింద వీధి ఆడవాళ్ళలోంచి సుక్రు పెళ్ళాం అచ్చియమ్మ ముందుకు వచ్చింది. ఆమె కళ్ళు బుట్ట మీద లేవు.

“ఏటి టీచరమ్మా, పండగనాడు మూల నిలబడిపోనావు? బయట సేరినావటగా?”

“అవునొదినా, సోమారం సేరింది,” అంది గంగ గబగబా అడ్డం వచ్చి.

“నిన్నడగనేదు గంగా. టీచరమ్మని అడిగినాను. బయట సేరినావేటమ్మా?”

కనక తల ఎత్తింది. ఔనంటే సరిపోతుంది. తల ఊపినా సరిపోతుంది. నార్వేలో ఆ పదహారేళ్ళ పిల్లకు ఎప్పటికీ తెలియదు. కాని తల ఊపిన మరుక్షణం నుంచి, ఇరవయ్యొక్క ఏళ్ళ నేస్తం చచ్చిపోతే తనకు ముట్టు అని చెప్పుకున్న మనిషి అవుతుంది. ఆ మనిషితో మిగిలిన బతుకంతా ఎవరు కాపురం చేస్తారు?

“నేదొదినా,” అంది. “నాను బయట సేరనేదు.”

“కనకా!” వరహాలు చేతికర్ర నేల మీద కొట్టాడు. “డప్పు కొట్టండ్రా! గట్టిగా కొట్టండి!”

డప్పులు హోరెత్తాయి. మాట కాదు, కేక వేసినా వినపడనంతగా. కనక అరుగు దిగింది. వాకిలి నడుమకు వచ్చి, ఏమీ అనకుండా కుడిచెయ్యి పైకెత్తి నిలబడింది.

ఆ డప్పులవాళ్ళలో ముప్పాతికమంది ఆమె దగ్గర అ ఆలు దిద్దుకున్నవాళ్ళే. మీసాలు వచ్చినా, పెళ్ళిళ్ళయినా టీచరు చెయ్యెత్తితే నోరు మూయడం వాళ్ళ ఒంట్లో ఉండిపోయింది. ఒకరి తర్వాత ఒకరు ఆపేశారు. చివరివాడు సిగ్గుపడుతూ ఆపాడు.

“అందరూ ఇనండి,” అంది కనక.  “నా నేస్తం సచ్చిపోనాది. సోమారం ఉత్తరమొచ్చింది. నాకు మైల. నా ఇంటికి మైల.”

 అరుగు మీద సోములమ్మ కళ్ళు తుడుచుకుంది. సుక్రు అప్పటికే భుజం మీది తువ్వాలు తీసి తలకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

“నానేటీ ఇననేదు!” వరహాలు గొంతు చిరిగిపోయేలా అరిచాడు. “ఎవులూ ఏటీ ఇననేదు! డప్పు హోరులో ఎవులికీ ఇనపడనేదు! ఒరే సోంబరూ, సూత్తావేటి? నడు! బేగి నడు!”

సోంబరు కదలలేదు. బుట్ట బరువుకు మెడనరాలు బిగుసుకున్నాయి. ముందుకు అడుగు వేస్తే గద్దె, దించితే ఊరి విత్తనం మొలవదు. బుట్ట ఒరగకుండా, రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా ఒళ్ళంతా పెళ్ళాం వైపు తిప్పాడు. అతని కళ్ళల్లో నీళ్ళు ఊరంతా చూసింది.

“కనకా,” అన్నాడు. “ఇంకోపాలి సెప్పు. గట్టిగా సెప్పు. మా అన్నకి ఇనపడనేదట.”